రిటైరయ్యాక పన్ను ఎలాగూ తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 54. 60కి ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. పెన్షన్ మాత్రం 65 నుంచే వస్తుంది. దాచుకున్నదాంట్లో సగానికి పైగా రిటైర్మెంట్ ఖాతాలో ఉంది. అందులో వేసినదానికి ఏటా పన్ను మినహాయింపు తీసుకున్నాను. మిగతాది డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు. జీతం ఆగితే పన్ను ఎలాగూ తగ్గుతుంది కదా, దాని గురించి ఇప్పుడే ఆలోచించాలా?

జవాబు: ఆలోచించాలండి. పన్ను తగ్గుతుందన్న మీ అంచనా 60 నుంచి 65 వరకు నిజమే. ఆ తర్వాతి సంగతే చెప్పలేం.

మీ డబ్బంతా కూడితే ఒకటే అంకె వస్తుంది గానీ, పన్ను లెక్కలో అది మూడు రకాలు. ఫండులో పెట్టిన 60 కాస్తా 100 అయిందనుకోండి, అమ్మినప్పుడు పన్ను పడేది లాభమైన 40 మీదే. డిపాజిట్‌లో అసలుకి పన్ను లేదు, వడ్డీకి ఉంటుంది. రిటైర్మెంట్ ఖాతా కథ వేరు. వేసేటప్పుడు మినహాయింపు తీసుకున్నారు కాబట్టి, సాధారణంగా అందులోంచి 100 తీస్తే అసలుతో సహా ఆ 100నీ ఆదాయం కిందే రాస్తారు. కొన్ని పథకాల్లో తీసుకునేటప్పుడు కొంత భాగానికి పన్ను ఉండదు, మీ పథకం నిబంధన ఒకసారి చదవండి. అలాంటి వెసులుబాటు లేకపోతే ఆ ఖాతాలో కనిపించే సొమ్మంతా మీది కాదు, కొంత పన్నుకి పోతుంది.

ఇక చాలామంది చేసే పని చెప్తాను. ఆ ఐదేళ్లూ డిపాజిట్లు కరిగించుకుని గడిపేస్తారు, రిటైర్మెంట్ ఖాతా జోలికి మాత్రం వెళ్లరు. చూడటానికి పొదుపుగానే ఉంటుంది. ఆ ఐదేళ్లలో ఆదాయం దాదాపు లేదు, అంటే తక్కువ పన్ను పడే కింది శ్లాబులు (ఆదాయం పెరిగేకొద్దీ పన్ను రేటు పెరిగే మెట్లు) ఖాళీగా పోయాయి. ఈ ఏడు వాడుకోని శ్లాబు వచ్చే ఏటికి మిగలదు. 65 రాగానే పెన్షను, ఖాతాలోంచి తీసేది, వడ్డీ అన్నీ ఒకేసారి వచ్చి పడి పై శ్లాబులోకి నెడతాయి. కొన్ని దేశాల్లో ఒక వయసు దాటాక ఏటా ఇంత తీసి తీరాలన్న నియమం కూడా ఉంది.

మీరు దీన్ని తిరగేయండి. 60 నుంచే ఏటా కింది శ్లాబు నిండేంత వరకు రిటైర్మెంట్ ఖాతాలోంచి తీయండి. ఖర్చుకి చాలకపోతే మిగతాది డిపాజిట్లలోంచి. తీసింది ఖర్చుకి మించితే దాన్ని ఫండులో వేసుకోండి, ఇంట్లో బీరువాలో కాదు. ముందుగా తీస్తే జరిమానా పడే వయసు ఏదైనా ఉందేమో చూసుకున్నాకే ఇదంతా. పెద్ద మొత్తం కావాల్సి వస్తే రెండు ఆర్థిక సంవత్సరాలకు పంచుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒకాయన ఇల్లు కొనడానికి మొత్తం ఒకే ఏడు తీశారు. కొద్ది వారాలు ఆగి సగం కొత్త సంవత్సరంలో తీసుంటే కట్టిన పన్నులో గణనీయంగా మిగిలేది. ఆయన నన్ను అడిగింది తీశాక!

ఎంత తీయొచ్చు అంటే, 4 శాతం అన్న మాట మీరు వినే ఉంటారు. 1994లో విలియం బెంగెన్ అనే సలహాదారు అమెరికా మార్కెట్ చరిత్ర పట్టుకుని వేసిన లెక్క అది: మొదటి ఏడు దాచుకున్నదాంట్లో 4 శాతం తీసి, ఆపై ఆ మొత్తాన్ని ధరలతో పాటు పెంచుకుంటూ పోతే డబ్బు 30 ఏళ్లు వస్తుందని. వేరే దేశానికి అది అలాగే అతకదు. పైగా పన్ను కూడా ఆ 4 శాతంలోంచే కట్టాలి, ఈ సంగతి ఎవరూ చెప్పరు. డిపాజిట్ల మీదే ఆధారపడదామన్నా కుదరదు. 7 శాతం వడ్డీలో 20 శాతం పన్ను పోతే మిగిలేది 5.6. ధరలు 6 శాతం పెరుగుతుంటే అసలు విలువ కరిగిపోతున్నట్టే. ఆ లెక్కన 60లో 100 ఉన్న ఖర్చు 72కల్లా 200 అవుతుంది.

ఇప్పుడు మీరు పై శ్లాబులో ఉంటే మినహాయింపు వదులుకోవద్దు. మినహాయింపు దొరికేంత ఖాతాలో వేశాక మిగిలేది మాత్రం ఫండ్లలోకి మళ్లించండి. రెండు మూడేళ్ల ఖర్చు డిపాజిట్‌లో ఉంచితే, రిటైరైన కొత్తలో మార్కెట్ పడినా నష్టానికి అమ్ముకునే పని ఉండదు.

ఈ వారంలో ఒక పని చేయండి. 60 నుంచి 75 దాకా ఏడాదికో వరుస గీసి, ఏ ఏడు ఎక్కణ్నుంచి ఎంత వస్తుందో రాయండి. 65 దగ్గర అంకె ఒక్కసారిగా లేస్తే, అందులో కొంత పై వరుసల్లోకి జరిపి మీ ఆడిటర్‌కి చూపించండి.