మహమ్మారి మళ్లీ వస్తే నర్సింగ్ విద్యార్థులు మనసును ఎలా కాపాడుకోవాలి?

అడిగిన ప్రశ్న: విజయవాడలో బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. కరోనా వార్డుల్లో చేసిన సీనియర్లు చెప్పేవి వింటుంటే ఇప్పటినుంచే గుండె దడగా ఉంటోంది. అలాంటిది మళ్లీ వస్తే డ్యూటీ, హాస్టల్, చదువు మధ్య మనసు చెదరకుండా ఏం చేయాలి? ధైర్యంగా ఉండమని కాకుండా, చేయగలిగే పనులు చెప్పండి.

నువ్వడిగిన తీరు సరైనదమ్మా. ధైర్యంగా ఉండమంటే ఎవరికీ ధైర్యం రాదు. భయపడటమే తప్పేమో అనుకుని పిల్లలు లోపల దాచుకుంటారు, అంతే. భయాన్ని మొత్తంగా పట్టుకోబోతే చేతికి చిక్కదు, ముక్కలు చేసుకోవాలి. ఇంటికి జబ్బు మోసుకెళ్తానేమో, పని రాక తప్పు చేస్తానేమో, హాజరు తగ్గి ఏడాది పోతుందేమో, కళ్లముందు మనిషి పోతే తట్టుకోలేనేమో. నర్సింగ్ విద్యార్థుల భయాలు చాలావరకు ఈ నాలుగే. వీటిలో మూడింటికి చేతిలో పని ఉంది. ఆ పని మొదలైతే నాలుగోదాన్ని మోసే ఓపిక మిగులుతుంది.

ముందు పీపీఈ, అంటే ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తుల సంగతి. మే నెల విజయవాడ ఎండలో, ఏసీ లేని వార్డులో, ఒళ్లంతా కప్పుకుని ఆరు గంటలు నిలబడితే వచ్చే నీరసాన్ని చాలామంది 'నా మనసు బలహీనం' అనుకుంటారు. అందులో సగం నీళ్లు చాలకపోవడమే. వేసుకోవడానికి అరగంట ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగు, మూత్రానికి వెళ్లిరా, ఇడ్లీయో పెరుగన్నమో తిను. ఖాళీ కడుపుతో లోపలికి పోవద్దు. బయటికొచ్చాక ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం, దాని మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద ప్యాకెట్ అయితే ఒక లీటరు) కలిపి నిదానంగా తాగు. అర ప్యాకెట్ ఒక గ్లాసులో కలపడం, రుచికి ఇంకాస్త పంచదార వేయడం రెండూ తప్పే, ఉప్పు పాళ్లు మారిపోతాయి.

మాస్కులో ఊపిరాడనట్టు అనిపించి, వేళ్ల చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కితే అది చాలావరకు కంగారులో వేగంగా ఊపిరి తీసినందువల్ల. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తిమ్మిరి వస్తుంది. అప్పుడు 'గట్టిగా ఊపిరి పీల్చుకో' అని పక్కవాళ్లు చెప్పే సలహా దాన్ని ఇంకా పెంచుతుంది. చేయాల్సింది ఊపిరి వదలడాన్ని సాగదీయడం: నాలుగు లెక్కపెడుతూ తీసుకో, ఆరు లెక్కపెడుతూ వదులు, ఐదు నిమిషాలు. తగ్గకపోతే సిస్టర్‌కి చెప్పి బయటికి రా. వార్డులో మాత్రం మాస్కు లాగొద్దు. బయటికొచ్చాక పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడు. 94 కంటే తక్కువ చూపిస్తే దాన్ని కంగారు కింద తోసేయకుండా వెంటనే డాక్టరుకు చూపించు.

ఇంటికి జబ్బు మోసుకెళ్తానన్న భయానికి అసలు జవాబు పీపీఈ విప్పడంలో ఉంది. వేసుకునేటప్పుడు అందరూ శ్రద్ధగానే ఉంటారు, అలసిపోయి విప్పేటప్పుడే చెయ్యి ముఖానికి తగులుతుంది. ఏది ముందు, ఏది తర్వాత అనేది మీ ఆసుపత్రి గోడ మీది చార్టు ప్రకారమే చెయ్యి. ఎక్కడైనా మారనివి రెండు: ప్రతి మెట్టు తర్వాత చేతులకు శానిటైజర్, అన్నిటికంటే చివర మాస్కు. శానిటైజర్ 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లయితే 40 నుంచి 60. జంటగా విప్పండి. ఒకరు విప్పుతుంటే రెండోవాళ్లు ఎడంగా నిలబడి చార్టు పైకి చదవాలి. 'అన్ని మెట్లూ అయ్యాయి' అని ఆ తోడు నోటితో చెప్పిన మాట, రాత్రి పడుకున్నాక 'ఎక్కడైనా ముట్టుకున్నానా' అని తిరిగే ఆలోచనకు అడ్డుకట్ట వేస్తుంది. ఆ ఆలోచన వల్లే చాలామందికి నిద్ర పట్టదు.

నిద్ర గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇది చెడితే మిగతావేవీ పనిచేయవు. రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా డ్యూటీ అనుకుందాం. రెండు దాటాక టీ, కాఫీ వద్దు. తాగిన కెఫీన్‌లో సగం దాదాపు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. హాస్టల్‌కి వచ్చేదారిలో చలువ కళ్లద్దాలు పెట్టుకో, ఉదయపు ఎండ కళ్లలో పడితే మెదడు తెల్లారిందనుకుంటుంది. స్నానం, ఏదైనా తేలికపాటి టిఫిను, తొమ్మిదిన్నరకల్లా పక్క. మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాకా నాలుగు గంటలు ఏ రోజైనా వేళ మారని నిద్రగా పెట్టుకో. సాయంత్రం డ్యూటీకి ముందు ఇంకో గంటన్నర. హాస్టల్లో ఇది కుదరకపోవడానికి పెద్ద కారణం గదుల పంపకం: నైట్ డ్యూటీ అమ్మాయి పక్కనే పగలు ఆన్‌లైన్ క్లాసు వినే అమ్మాయి. ఒకే షిఫ్టువాళ్లను ఒకే గదిలో వేయమని అందరూ కలిసి సంతకాలు పెట్టి వార్డెన్‌కి ఇవ్వండి. పైసా ఖర్చులేని పని ఇది. కౌన్సెలింగ్ ఉపన్యాసాలు పెట్టించే కాలేజీలు ముందు ఈ పని చేస్తే బాగుండునని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నిద్ర పట్టలేదని వార్డు స్టాకులోంచి ఆల్ప్రజోలామ్ మాత్ర తీసుకోవడం అసలు వద్దు. అది కొద్ది వారాల్లోనే అలవాటై కూర్చుంటుంది, మానితే నిద్ర ఇంకా చెడుతుంది.

హాజరు విషయంలో లెక్క తెలియకపోవడమే సగం భయం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో పరీక్షకు కూర్చోవాలంటే థియరీకి, ప్రాక్టికల్స్‌కి 80 శాతం హాజరు కావాలి. డిగ్రీ చేతికి రావాలంటే ప్రతి క్లినికల్ విభాగంలోనూ నూటికి నూరు పూర్తిచేయాలి. అంటే పోయిన గంటలు ఎక్కడికీ పోవు, తర్వాత పూరించాల్సినవే. విభాగం, కావాల్సిన గంటలు, చేసినవి, మిగిలినవి అని నాలుగు గడులతో ఒక పేజీ గీసుకుని నెలకోసారి ట్యూటర్ మేడమ్‌తో సంతకం చేయించుకో. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఇళ్లకు వెళ్లి ఆన్‌లైన్‌లో చదివినవాళ్లకు థియరీ గడిచింది, చేతిపని ఆగింది. సెలైన్ పెట్టడం, సక్షన్ (గొంతులోని కఫం గొట్టంతో లాగేయడం), ఇంజక్షన్ మోతాదు లెక్క, ఈ మూడూ బొమ్మ మీద రోజుకు ఇరవై నిమిషాలు చేస్తే వార్డులో చేతులు వణకవు.

పని రాకుండా ఒంటరిగా నిలబడాల్సి వస్తే ఏం చేయాలి? 2021 మే 3న ప్రధాని కార్యాలయం బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసిన నర్సులను కోవిడ్ డ్యూటీల్లోకి తీసుకోవాలన్నప్పుడు కూడా, సీనియర్ డాక్టర్లు, నర్సుల పర్యవేక్షణలో అనే చెప్పింది. చదువు పూర్తయినవాళ్లకే ఆ అండ ఉండాలన్నప్పుడు విద్యార్థికి తప్పకుండా ఉండాలి. 'సిస్టర్, ఇది నేను ఇంతవరకు చేయలేదు, మీరు పక్కనుంటే చేస్తాను' అనే వాక్యం అలవాటు చేసుకో. చెప్పడానికి సిగ్గుపడితే రోగికే నష్టం.

ఇక చావు. మొదటిసారి చూసిన రోజు ఏడుపు రావచ్చు, అసలు ఏమీ అనిపించకపోవచ్చు. రెండూ మామూలే. ఆ షిఫ్టు అయ్యాక పది నిమిషాలు నమ్మకమున్న సీనియర్‌తో కూర్చో. ఏం జరిగింది, నేనేం చేశాను, నా చేతిలో లేనిదేమిటి, ఇంతవరకు చాలు. అదే రోజు గుంపుగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేత అంతా చెప్పించడం మేలు చేయదు, కొందరికి కీడే చేస్తుంది. మాట్లాడనన్న పిల్లను బలవంతపెట్టకండి, అన్నం తినేటప్పుడు పక్కన కూర్చోండి.

ఇంటికి ఫోను రోజూ ఒకే వేళకు చెయ్యి. అమ్మ అడిగేది నిజానికి మూడే: జ్వరముందా, తిన్నావా, ఎప్పుడొస్తావు. వాటికి నిజం చెప్పు. ఉన్నదంతా చెప్పుకోవడానికి ఇంట్లో ఒక్కరిని, అన్ననో పిన్నినో, ముందే అనుకో. పదిమందికి చెబితే పది మాటలు, 'వచ్చెయ్ తల్లీ' అనే ఫోన్లు. వార్తలు రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున. పడుకునే ముందు గంటలో వద్దు.

మామూలు దిగులుకీ జబ్బుకీ తేడా ఊహించొద్దు, కొలువు. దిగులును కొలిచే ప్రశ్నల కాగితం పీహెచ్‌క్యూ-9. అందులో తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3. రెండు వారాలకోసారి ఒకే వారంనాడు నింపి తేదీ వెయ్యి. మొత్తం 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరును కలవాలి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా తప్ప ఏం వచ్చినా, మొత్తం ఎంత తక్కువున్నా, ఆరోజే ఎవరికైనా చెప్పాలి. స్నేహితురాలి మీద అనుమానముంటే 'చచ్చిపోవాలనిపిస్తోందా' అని సూటిగా అడుగు. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలొద్దు, గదిలో మందులుంటే తీసేయ్. పోలీసు కేసవుతుందని దాచొద్దు: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రయత్నం చేసిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళయినా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులు రెండింటిలోనూ సైకియాట్రీ ఓపీ ఉంది. మీ క్లినికల్స్ జరిగే ఆసుపత్రిలో అందరూ తెలిసినవాళ్లే, చూస్తారేమో అని జంకితే రెండో ఊరికి వెళ్లు, బస్సులో గంటన్నర లోపు దారి. వెళ్లేటప్పుడు వారం రోజుల నిద్ర గంటలు, పీహెచ్‌క్యూ కాగితాలు, వేసుకుంటున్న మందుల పేర్లు తీసుకెళ్లు. మాత్రలు రాస్తే గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారం కడుపులో వికారంగా ఉండొచ్చు. ఆ వారంలోనే చాలామంది ఆపేస్తారు. ఆపాలనిపిస్తే ముందు రాసిన డాక్టరుకు చెప్పు.