ఆ అర చుట్టు గురించి రాయి

తమ్ముడూ,

ఇంట్లోనే బండి స్పార్క్ ప్లగ్ (ఇంజన్ లోపల పెట్రోల్‌కు నిప్పంటించేది) మార్చుకోవడం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. బండి పనుల గురించి తెలుగులో రాయాలని పూనుకున్నందుకు చాలా సంతోషం. కథలూ కవితలూ రాసేవాళ్లకు మనకు కొదవ లేదు. ప్లగ్ పానా ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో అర్థమయ్యేలా రాసేవాళ్లు తక్కువ. నాకు ఈ రకం రచన మీద గౌరవం ఎక్కువ. కథలో ఒక వాక్యం తేలిపోతే పాఠకుడు పేజీ తిప్పేస్తాడు, అంతే. ఇక్కడ తేలిపోతే ఎవరిదో ఇంజన్ హెడ్డు పాడవుతుంది.

అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. నీ వ్యాసంలో మొదటి సగమంతా చరిత్ర, సిద్ధాంతం. 1902లో బాష్ కంపెనీలో పనిచేసిన గాట్లోబ్ హోనాల్డ్ హై వోల్టేజ్ మాగ్నెటోకు (నిప్పురవ్వకు కావాల్సిన కరెంటు పుట్టించే పరికరం) తగ్గ ప్లగ్‌ను ఎలా తీర్చిదిద్దాడో రాశావు. నాలుగు స్ట్రోకులూ వివరించావు. అన్నీ నిజాలే. తీరా అసలు పని దగ్గరికి వచ్చేసరికి "పాత ప్లగ్ తీసేసి కొత్తది జాగ్రత్తగా బిగించండి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పాఠకుడికి నువ్వు తోడు ఉండాల్సింది సరిగ్గా అక్కడే.

ఇలాంటి వ్యాసాలకు నేను పాటించే లెక్క ఒకటే. ఎక్కడ చెయ్యి తప్పితే నష్టం ఎక్కువో అక్కడ ఎక్కువ రాయాలి. ప్లగ్ మార్చడంలో ఆ చోటు, కొత్త ప్లగ్‌ను రంధ్రంలో పెట్టి తిప్పే మొదటి చుట్టు దగ్గర మొదలై, చివర పానాతో వేసే అర చుట్టుతో ముగుస్తుంది. మిగతా పని కాస్త ఓపికున్న ఎవరైనా చేసుకోగలరు.

ఎందుకో చూడు. ప్లగ్ మర ఉక్కుతో చేసింది. అది కూర్చునే హెడ్డు అల్యూమినియం, మెత్తటి లోహం. ప్లగ్‌ను కొంచెం వంకరగా పెట్టి పానాతో బలంగా తిప్పితే, అది హెడ్డులో అడ్డంగా కొత్త మర కోసుకుంటూ పోతుంది. తిప్పేవాడికి గట్టిగా ఎక్కుతోందనే అనిపిస్తుంది, హెడ్డు మర పోతోందని తెలియదు. రెండు వందలు కూడా ఖర్చవదనుకుని మొదలుపెట్టిన పని హెడ్డు విప్పి లేత్ షాపుకు పంపేదాకా వెళ్తుంది.

కాబట్టి అక్కడ "జాగ్రత్తగా" అన్న మాట కొట్టెయ్. జాగ్రత్తపడడం అంటే చేత్తో ఏం చెయ్యాలో అది రాయి. పానా పక్కన పెట్టమని చెప్పు. ప్లగ్‌ను వేళ్లతో తిప్పమను. చెయ్యి దూరని చోటైతే జానెడు పెట్రోల్ పైపు ముక్క తీసుకుని ప్లగ్ తలకు తొడిగి, ఆ పైపునే తిప్పమను. పైపు వల్ల మేలేమిటో కూడా చెప్పాలి. ప్లగ్ వంకరగా కూర్చుంటే పైపు జారిపోతుంది తప్ప మరను కోసేంత బలం దానికి రాదు. ముందు ఎడమవైపుకు నెమ్మదిగా తిప్పితే రెండు మరల మొదళ్లు కలిసే చోట ప్లగ్ టక్కున కిందికి దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది. అక్కణ్ణుంచి కుడివైపుకు తిప్పాలి. సరిగ్గా కూర్చున్న ప్లగ్ సుమారు పది చుట్లో అంతకన్నా ఎక్కువో ఏ బలమూ అడగకుండా తిరిగి, వాషర్ హెడ్డుకు తగిలాక ఆగుతుంది. రెండో చుట్టుకే బిగుసుకుందంటే బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఈ మాట ఖచ్చితంగా రాయి, ఎందుకంటే ఆ క్షణంలో ప్రతివాడికీ పానా అందుకోవాలనే అనిపిస్తుంది.

ఇప్పుడు పానా. కొత్త ప్లగ్ అయితే వేళ్ల బిగువు తర్వాత సుమారు అర చుట్టు. ఆ అర చుట్టులో వాషర్ నలిగి హెడ్డుకు అతుక్కుంటుంది. సిలిండర్‌లోని ఒత్తిడి బయటికి తన్నకుండా ఆపేది ఆ నలిగిన వాషరే. తీసిన ప్లగ్‌నే శుభ్రం చేసి తిరిగి పెడుతుంటే వాషర్ ముందే నలిగి ఉంటుంది, చుట్టులో పన్నెండో వంతు చాలు, అంటే గడియారంలో పన్నెండు నుంచి ఒకటికి ఉన్నంత దూరం. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) ఉన్నవాళ్ల కోసం అంకెలు కూడా ఇవ్వు: 10 మి.మీ. లావు మరకు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, 14 మి.మీ. లావు మరకు 25 నుంచి 30. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి అన్న మాట ఆ పక్కనే ఉండాలి, పది లైన్ల కింద కాదు.

ఇక వరుస. ఇంజన్ బాగా చల్లారాకే ప్లగ్ విప్పాలన్నది నువ్వు చివరి పేరాలో పెట్టావు. చదివేవాడు అక్కడికి వచ్చేసరికి ప్లగ్ చేతిలో ఉంటుంది. ఇలాంటి వ్యాసాన్ని ఎవరూ మొత్తం చదివి, మననం చేసుకుని పనికి దిగరు. ఆదివారం పొద్దున బండికి సెంటర్ స్టాండ్ వేసి, ఫోన్ అరుగు మీద పెట్టి, మసి అంటిన వేలితో తెర జరుపుకుంటూ ఒక్కో వాక్యానికి ఒక్కో పని చేస్తారు. "ప్లగ్ విప్పండి, అయితే దానికి ముందు చుట్టూ ఉన్న మట్టి తుడవండి" అని రాశావనుకో, సగం మంది మట్టి మాట చదవకుండానే విప్పేస్తారు. మన రోడ్ల మీద తిరిగే బండికి ప్లగ్ చుట్టూ ఇసుక పేరుకుని ఉంటుంది. ప్లగ్ లేచిన మరుక్షణం అది సిలిండర్‌లోకి జారి గోడలకు గీతలు పెడుతుంది. కాబట్టి సైకిల్ పంపుతో ఊదడం ఒక వాక్యం. అది అయ్యాక విప్పడం ఇంకో వాక్యం. అలాగే ప్లగ్ క్యాప్ ఊడదీసేటప్పుడు క్యాప్‌నే పట్టుకుని కొద్దిగా అటూ ఇటూ తిప్పి లాగాలి, వైరు పట్టుకుని లాగితే లోపల తెగుతుంది.

గ్యాప్ గురించి, అంటే నిప్పురవ్వ దూకే రెండు మొనల మధ్య ఖాళీ గురించి రాసిన పేరా బాగుంది. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్‌ల నంబర్ చివర 9 అని ఉంటే 0.9 మి.మీ. అని చెప్పడం మంచి పని, చాలామంది గమనించరు. దానికి తోడు ఫీలర్ గేజ్ (ఖాళీని కొలిచే సన్నటి రేకు) పెట్టినప్పుడు ఎలా ఉండాలో కూడా రాయి. రేకు వదులుగా ఊగకూడదు, నెట్టితే తప్ప దూరని బిగువూ ఉండకూడదు, రెండు వైపులా సన్నగా రాసుకుంటూ జరగాలి. సరిచేయాలంటే పక్కన వంగి ఉన్న కొమ్మును మాత్రమే వంచాలి, మధ్య మొన మీద బలం పెట్టకూడదు. ఇరిడియం ప్లగ్ అయితే ఆ మొన చాలా సన్నం. గరుకు కాగితం దాని దరిదాపులకు కూడా పోకూడదు.

నాకు నిజంగా అసంతృప్తి కలిగించింది పాత ప్లగ్ వర్ణన. "నల్లగా ఉంటే ఇంజన్‌లో సమస్య ఉన్నట్టు" అని రాసి ముందుకు వెళ్లిపోయావు. ఆ ప్లగ్‌ను ఎండలోకి తీసుకెళ్లి చూడకుండా రాసిన వాక్యం అది. నలుపులో రెండు రకాలున్నాయి. ఒకటి పొడి మసి, వేలితో రాస్తే కాటుకలా అంటుకుంటుంది. పెట్రోల్ ఎక్కువై గాలి తక్కువైందని దాని అర్థం. చోక్ తీయడం మర్చిపోయారేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. రెండోది తడి నలుపు, మెరుస్తూ జిడ్డుగా ఉంటుంది. అది ఇంజన్ ఆయిల్, అంటే పిస్టన్ రింగులు గానీ వాల్వ్ సీళ్లు గానీ అరిగాయి. ఎన్ని ప్లగ్‌లు మార్చినా అది తగ్గదు, మెకానిక్ షెడ్డుకు వెళ్లాల్సిందే. తడిగా ఉండి పెట్రోల్ వాసన కొడితే అసలు నిప్పే పడటం లేదని లెక్క. తెల్లగా మాడి చిన్న బొబ్బలు కనిపిస్తే ఇంజన్ మితిమీరి వేడెక్కుతోంది. లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. స్టార్ట్ చేసి కాసేపు నిలబెట్టి ఆపేసిన బండి ప్లగ్ ఎప్పుడూ కొంచెం నల్లగానే ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడొద్దని కూడా చెప్పు. ఈ పేరాను నువ్వు రెండు పేజీలకు పెంచినా నేను అడ్డు చెప్పను. ప్లగ్ మార్చుకోవడం వల్ల మిగిలే మెకానిక్ ఖర్చు కన్నా, తన ఇంజన్ లోపల ఏం జరుగుతోందో మనిషి తన కళ్లతో చూసుకోవడం పెద్ద లాభం అని నా నమ్మకం.

ప్లగ్ కొనడం గురించి నువ్వు రాయనే లేదు. షాపులో పక్కపక్కన పెడితే 12.7 మి.మీ. మర పొడవున్న ప్లగ్, 19 మి.మీ. ప్లగ్ తొందరలో ఒకేలా కనిపిస్తాయి. పొట్టి మర ఉండాల్సిన చోట పొడుగుది పెడితే పిస్టన్‌కో వాల్వ్‌కో తగలవచ్చు. వేడి సంఖ్య, అంటే ప్లగ్ తన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందో చెప్పే అంకె, మరో తిరకాసు. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది, బాష్‌లో అంకె పెరిగేకొద్దీ వేడిది. "అదే నంబర్ ఇంకో కంపెనీది ఇవ్వండి" అని అడగడం ఎందుకు ప్రమాదమో ఈ ఒక్క ఉదాహరణతో తెలిసిపోతుంది. పాత ప్లగ్ జేబులో వేసుకుని షాపుకు వెళ్లమను, అయితే దాని నంబర్ మాన్యువల్‌తో సరిపోతోందో లేదో ముందే చూసుకోమను. పాతదాన్ని ఎవరు వేశారో ఎవరికి తెలుసు.

నీ వ్యాసం ఏ బండికో కూడా మొదట్లోనే తేల్చు. పల్సర్ 150 డీటీఎస్-ఐకి రెండు ప్లగ్‌లు, ఎన్ఎస్ 200కి మూడు. ఒకటి మార్చి పని అయిపోయిందనుకునేవాళ్లు ఉంటారు. డీజిల్ కారుకు స్పార్క్ ప్లగ్ ఉండదని ఒక్క వాక్యం రాస్తే, బానెట్ ఎత్తి వెతుక్కునేవాడికి శ్రమ తప్పుతుంది. పాత మారుతి 800 లాంటి కార్లలో మూడు ప్లగ్ వైర్లు ఉంటాయి. అన్నీ ఒకేసారి పీకితే ఏది ఎక్కడిదో కలిసిపోతుంది, ఒక్కొక్కటే మార్చాలి. కార్ల గురించి ఇంతకు మించి ఈ వ్యాసంలో వద్దు, అది వేరే వ్యాసం.

ఒక్కటి మాత్రం తప్పకుండా చేర్చు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో బండ్లు నీట మునిగాయి. నీళ్లు దిగగానే ఎవరికైనా సెల్ఫ్ నొక్కాలనే అనిపిస్తుంది. మునిగిన బండిని అలా స్టార్ట్ చేయకూడదు. సిలిండర్‌లో నీళ్లుంటే, నీళ్లు గాలిలా నొక్కుకుపోవు కాబట్టి పిస్టన్‌ను పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ప్లగ్ తీసేసి, ఇగ్నిషన్ ఆపే ఉంచి, మెల్లగా కిక్ కొడితే ఆ రంధ్రంలోంచి నీళ్లు బయటికి చిమ్ముతాయి. ఆయిల్‌లో నీళ్లు కలిశాయా, ఎయిర్ ఫిల్టర్ తడిసిందా అన్నది ఆ తర్వాత మెకానిక్ చూస్తాడు. ప్లగ్ విప్పడం నేర్చుకున్న మనిషికి అలాంటి రోజున వేల రూపాయలు మిగులుతాయి. వానాకాలం రాకముందే నీ వ్యాసం జనంలోకి వెళ్లాలని నేను తొందరపెట్టేది ఇందుకే.

తిరగరాశాక ఎప్పుడూ ప్లగ్ విప్పని మనిషి చేతికి ఆ కాగితాలు ఇవ్వు. మీ చెల్లెలైనా సరే, పక్కింటి కుర్రాడైనా సరే. బండి పక్కన కూర్చో, నోరు మాత్రం మెదపకు. వాళ్ల చెయ్యి ఎక్కడ ఆగిందో, నీ మొహం వైపు ఎక్కడ చూశారో ఆ లైను పక్కన టిక్కు పెట్టుకో. ఆ కాగితాలు, టిక్కులతో సహా, నాకు పంపు.

ప్రేమతో,
మీ అన్నయ్య