కొత్త ఇంటర్నెట్ లైను కొనేముందు నెట్‌వర్క్ స్విచ్ లైట్లు చూడు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. 60 కంప్యూటర్ల ఆఫీసు, సాయంత్రం 4 దాటితే బిల్లింగ్ నత్తనడక, ఓనరుగారేమో ఇంటర్నెట్ ప్లాన్ పెంచేద్దాం అంటున్నారు, నీకు టెన్షన్. ఆయన్ని ఒక్క వారం ఆగమను. కొలవకుండా ఖర్చు పెట్టిస్తే ఆ డబ్బూ పోతుంది, రేపు నీ మాటకు విలువా పోతుంది.

గుంటూరులో ఒక మందుల హోల్‌సేల్ ఆఫీసులో నేను సరిగ్గా ఈ తప్పే చేశాను. బిల్లు రావడానికి నిమిషం పడుతోందంటే లైను 100 ఎంబీపీఎస్ నుంచి 300కి మార్పించాను. రవ్వంత తేడా రాలేదు. ఎలా వస్తుంది? బిల్లింగ్ సర్వరు వెనక గదిలోనే ఉంది, బిల్లు ఆ గడప దాటి బయటికి వెళ్లే పనే లేదు. ఆ సంగతి నేను ముందే అడగాల్సింది. రెండు రోజుల తర్వాత, కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టె ముందు స్టూలేసుకుని కూర్చుంటే కనిపించింది: మిగతా పోర్టులకు, అంటే కేబుల్ గుచ్చే రంధ్రాలకు, పచ్చ లైటు, సర్వరు పోర్టుకు మాత్రం నారింజ. ఆ స్విచ్‌లో నారింజ అంటే 100 ఎంబీపీఎస్ వేగం, పచ్చ అంటే 1000, అదే గిగాబిట్. గిగాబిట్‌కి కేబుల్లో ఎనిమిది తీగలూ పనిచేయాలి, 100కి నాలుగు చాలు. స్విచ్ పెట్టిన ర్యాకు తలుపు కింద నలిగి గోధుమరంగు తీగ తెగింది. లింకు పోలేదు, చడీచప్పుడు లేకుండా 100కి దిగింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ప్యాచ్ కార్డు అనే ఆ చిన్న కేబుల్ మార్చగానే లైటు పచ్చగా మారింది, బిల్లులు టకటకా వచ్చాయి.

నువ్వూ అక్కడే మొదలుపెట్టు. స్లో అయిన సమయంలోనే మూడు పింగ్‌లు కొట్టు, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడు: సర్వరుకి, రౌటరుకి, బయట గూగుల్ వాళ్ల 8.8.8.8కి. కేబుల్ మీదున్న సిస్టం నుంచి సర్వరుకి 1 మిల్లీసెకను అటూఇటూ రావాలి. 50, 100 అని ఊగుతుంటే జబ్బు లోపలే ఉంది. మొదటి రెండూ బాగుండి మూడోది తడబడితే అప్పుడు లైను వాళ్లకు ఫోన్ చెయ్యి. రెండు సిస్టంల మధ్య వేగం కొలిచే ఐపెర్ఫ్ అని ఉచిత టూల్ ఉంది, అదీ నడుపు. గిగాబిట్ మీద 900 ఎంబీపీఎస్ పైన చూపాలి. 94 దగ్గర ఆగితే దారిలో ఎక్కడో 100 లింకు ఉన్నట్టే. అన్నీ బాగున్నాయా, నెట్‌వర్క్ వదిలేసి సర్వరు డిస్కు చూడు.

ఉన్నట్టుండి ఆఫీసంతా ఆగిపోతే, ఒకే కేబుల్ రెండు కొసలూ టేబుల్ కింది చిన్న స్విచ్‌లో గుచ్చారేమో వెతుకు. పెద్ద స్విచ్‌లో ఇలాంటి చుట్లను ఆపే స్పానింగ్ ట్రీ సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. బిల్లింగ్ సిస్టంలను వైఫై మీద పెట్టకు. వైఫైకి 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానళ్లే వాడు. వచ్చేపోయేవాళ్ల ఫోన్లకు వేరే వీల్యాన్, అంటే అదే స్విచ్ మీద విడిగా నడిచే నెట్‌వర్క్, ఇవ్వు.

ఇంకొకటి, దీన్ని మాత్రం వాయిదా వేయకు. ఏ కేబుల్ ఏ పోర్టు నుంచి ఏ టేబుల్‌కి వెళ్తోందో నోట్‌బుక్‌లో గీసి, రెండు కొసలకూ లేబుల్ అంటించు. సెట్టింగ్ మార్చే ప్రతిసారీ ముందు స్విచ్, రౌటర్ కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) బ్యాకప్ తీసి, తేదీ వేసి దాచు. రాత్రి 11కి రౌటర్ కాలిపోతే నీ చేతిలో ఉండేవి ఆ రెండే.

శనివారం లోపు ఆ పింగ్ అంకెలు, స్విచ్ ముందువైపు ఫొటో పంపు. ఓనరుగారితో నేనూ మాట్లాడతాను.

మీ బాబాయి