పేరెంట్ బీన్ పెట్టేముందు

అల్లుడూ,

నువ్వు పంపిన స్ప్రింగ్ (జావా ఫ్రేమ్‌వర్క్) ఎక్స్‌ఎమ్మెల్ ఫైలు రాత్రి చదివాను. అందులో మూడు మెయిల్ సెండర్ బీన్లు (స్ప్రింగే కట్టిపెట్టే ఆబ్జెక్టులు), మూడింట్లోనూ అదే హోస్టు, అదే పోర్టు. రేపు సర్వరు మారితే రెండు చోట్ల మార్చి మూడోది మర్చిపోతావు. ఉమ్మడివన్నీ ఒక బీన్‌లో పెట్టి, మిగతావాటిలో ‘పేరెంట్’ అని దాని పేరివ్వు. యూజర్‌నేమూ పాస్‌వర్డూ ఎవరివి వాళ్లవే. క్లాసు పేరు మళ్లీ రాయక్కర్లేదు, పేరెంట్‌దే వస్తుంది.

పేరెంట్ మీద ‘అబ్‌స్ట్రాక్ట్ ట్రూ’ మాత్రం మర్చిపోకు. లేకపోతే స్ప్రింగ్ దాన్నీ మామూలు సింగిల్టనే (ఒక్కటే ఉండే ఆబ్జెక్టు) అనుకుని అప్లికేషన్ లేస్తూనే కట్టేస్తుంది. మెయిల్ సెండరైతే ఊరికే పడుంటుంది. నేనొకసారి, మొదలవగానే కనెక్షన్లతో నిండే డేటాబేస్ పూల్‌కి ఈ తప్పే చేశాను. ఎవరూ వాడని పూల్ పది కనెక్షన్లు పట్టుకుని కూర్చుంది. డేటాబేస్ చూసుకునే డీబీఏ చేత చీవాట్లు తిన్నాను.

అసలు దెబ్బ తిన్నది ప్రాపర్టీల దగ్గర. పేరెంట్‌లోని ‘ప్రాప్స్’ (సెట్టింగుల జాబితా) కింద స్టార్ట్‌టీఎల్‌ఎస్ (సర్వరుతో కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసేది) ఆన్ చేసి పెట్టాను. ఓ చైల్డ్‌కి (పేరెంట్ పేరిచ్చిన బీన్‌కి) టైమౌట్ కావాల్సొచ్చి, అదే ‘ప్రాప్స్’ కింద ఒక్క లైను రాశాను. రెండూ కలుస్తాయనుకున్నా. కలవవు, చైల్డ్‌లో ప్రాప్స్ రాస్తే పేరెంట్‌వి మొత్తం పోతాయి. మిగతా రెండు బీన్ల మెయిళ్లు వెళ్తున్నాయి, ఇదొక్కటే వెళ్లదు. గంటసేపు పాస్‌వర్డే తప్పనుకున్నాను. చివరికి మెయిల్ డీబగ్ ఆన్ చేస్తే, ముందు స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఇవ్వమంటూ సర్వరు 530 ఎర్రర్ కొడుతోంది! ఆ ప్రాప్స్ ట్యాగు మీద ‘మెర్జ్ ట్రూ’ పెడితే సరిపోయింది. అది చైల్డ్‌లోనే పెట్టాలి, పేరెంట్‌లో పెడితే ఉపయోగం లేదు. లిస్టులకీ మ్యాపులకీ ఇదే లెక్క.

లేజీ ఇనిట్ (అవసరమైనప్పుడే కట్టడం), డిపెండ్స్ ఆన్ (ముందు వేరే బీన్ కట్టాకే దీన్ని కట్టడం), ఆటోవైర్ (కావాల్సిన బీన్లను స్ప్రింగే వెతికి ఇవ్వడం) ఇవేవీ పేరెంట్ నుంచి రావు. చైల్డ్‌కి వేరే క్లాసు ఇస్తే, పేరెంట్‌లోని ప్రాపర్టీలన్నిటికీ అందులో సెట్టర్లు (విలువ పెట్టే మెథడ్లు) ఉండాలి. ఇక పేరెంట్‌కి ఇంకో పేరెంట్ అంటూ తాత ముత్తాతల దాకా వెళ్లకు. పోర్టు ఎక్కడినుంచి వచ్చిందో తేలక నాలుగు ఫైళ్లు తిరగాల్సొస్తుంది.

కొత్త ప్రాజెక్టయితే ఈ బాధే లేదు. బీన్లను ఎక్స్‌ఎమ్మెల్ బదులు జావా కోడులోనే రాసే జావా కాన్ఫిగ్‌లో పేరెంట్ అన్న మాటే లేదు. హోస్టూ పోర్టూ నింపే ప్రైవేట్ మెథడ్ ఒకటి రాసి, మూడు బీన్ మెథడ్లలోంచీ దాన్ని పిలువు. నాకదే ఇష్టం. నీ పాత కోడుకి మాత్రం ఎక్స్‌ఎమ్మెలే తప్పదు.

మార్చాక మూడింటి నుంచీ ఒక్కో టెస్ట్ మెయిల్ నాకు కొట్టు. ఆదివారం ఫోన్ చేస్తానని అమ్మతో చెప్పు.

మామయ్య