క్రైస్తవ కథల్లో ప్లాట్‌నీ రూపకాల్నీ ఎలా చదవాలి?

మీ ప్రశ్న ఇదీ: బీఏ ఇంగ్లీషులో క్రైస్తవ కథా సాహిత్యం మీద ప్రాజెక్టు ఇచ్చారు, జాన్ బన్యన్ రాసిన, పరలోకానికి సాగే యాత్ర కథ 'పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్' తీసుకున్నారు. మూట అంటే పాపం, బురదగుంట అంటే నిరాశ అని పట్టిక వేసేశారు. ఇక రాయడానికి ఏమీ మిగల్లేదనిపిస్తోంది. ఇంట్లో ఎవరూ క్రైస్తవులు కారు కాబట్టి బైబిలు తెలియదనే టెన్షన్ కూడా ఉంది.

ఈ పుస్తకం నేను డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతుంటాను. దాదాపు అందరూ మొదట పట్టికే వేసుకొస్తారు. అందులో తప్పేం లేదు, కానీ ఈ పుస్తకంలో ఆ పని రచయితే చేసి పెట్టాడు. రాక్షసుడి పేరే నిస్పృహ, కోట పేరు సందేహం. అర్థం పేరులోనే ఉంటే మీరు కనిపెట్టేదేముంటుంది? మనకిది కొత్తా కాదు. సంస్కృతంలో కృష్ణమిశ్రుడి 'ప్రబోధచంద్రోదయం'లో, దాన్ని నంది మల్లయ, ఘంట సింగన తెలుగు చేసిన కావ్యంలో వివేకం, మోహం రాజులై తలపడతాయి. ఇలాంటి కథల్ని చదివేటప్పుడు 'దీని అర్థమేంటి?' దగ్గర ఆగిపోకండి. 'ఈ రూపకం వచ్చాక కథలో ఏం జరిగింది? అది లేకపోతే తర్వాతి సంఘటన జరిగేదా?' అని అడగండి. ప్లాటూ అలంకారమూ రెండు వేర్వేరు అధ్యాయాలుగా రాయాల్సిన అవసరం అప్పుడు పోతుంది.

మూటనే తీసుకుందాం. కథానాయకుడు క్రిస్టియన్ వీపు మీద పెద్ద మూటతో మొదలవుతాడు. దాన్ని దించుకోవాలనే ఇల్లు వదిలి బయల్దేరతాడు. మధ్యలో ఒక లోకజ్ఞాని కనబడి, ఇంత కష్టమెందుకు, పక్క ఊళ్లో తేలిగ్గా దించేవాళ్లున్నారంటాడు. అటు నడిస్తే కొండ తన మీద విరిగిపడేలా ఉంటుంది, మూట ఇంకా బరువెక్కుతుంది. చివరికి సిలువ దగ్గరకు రాగానే అది దానంతటదే ఊడి, దొర్లుకుంటూ పోయి సమాధి నోట్లో పడి కనబడకుండా పోతుంది. క్రిస్టియన్ ఆనందంతో మూడు గంతులు వేసి పాడుకుంటూ సాగిపోతాడు.

మన వాళ్లు పరీక్షలో దీన్నే క్లైమాక్స్ అని రాస్తారు. పేజీలు తిప్పి చూడండి, సగానికి చాలా ముందే అయిపోయిందిది. జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ 1863లో చెప్పిన ఆరోహణ, శిఖరం, అవరోహణ త్రిభుజం ఐదంకాల నాటకాల కోసం గీసింది. దాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే, సిలువ తర్వాతి కథంతా దిగువకు జారుతున్నట్టు కనిపించాలి. కానీ పుస్తకంలో అతి భయంకరమైన ఘట్టాలన్నీ ఆ తర్వాతే వస్తాయి. మూట పోయింది, బయల్దేరిన పని అయిపోయింది. మరి మిగతా కథను లాక్కెళ్తున్నదేది? మీ ప్రాజెక్టుకు ఇదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

జవాబు సిలువ దగ్గరే దొరుకుతుంది. మూట పడిపోగానే తేజోమయులు ముగ్గురు వచ్చి క్రిస్టియన్‌కు కొత్త బట్టలు తొడిగి, నుదుట గుర్తు పెట్టి, ముద్ర వేసిన పత్రం ఒకటి ఇస్తారు. పరలోక ద్వారం దగ్గర దాన్ని అప్పగించాలి. అక్కడి నుంచి ఆ పత్రం అతని రొమ్మున ఉంటుంది. అంతవరకూ వీపు మీదున్నది ఎలా పోతుందా అని కథ నడిచింది, ఇక మీదట రొమ్మున ఉన్నది పోకుండా చూసుకోవడమెలా అని నడుస్తుంది. రూపకం మారగానే ప్లాట్ దిశ కూడా మారిపోయింది.

దీని తర్వాత కథ చదవండి, అన్నీ అక్కడికే వస్తాయి. కష్టం అనే కొండ సగం ఎక్కి, పందిరి కింద కునుకు తీస్తాడు, పత్రం జారిపోతుంది. పైకి వెళ్లాక ముందు సింహాలున్నాయని విని భయమేసి, ఊరట కోసం రొమ్ము తడుముకుంటే కనబడదు. ఒకసారి నడిచిన దారినే మళ్లీ మళ్లీ నడవాల్సి వస్తుంది, ఈలోగా చీకటి పడుతుంది. ఆ చీకట్లోనే సింహాలను దాటాలి. ఒక్క వస్తువు జారిపడడం వల్ల ఎన్ని సంఘటనలు పుట్టాయో చూడండి.

తర్వాత సందేహపు కోట. క్రిస్టియన్, అతని తోటి యాత్రికుడు హోప్‌ఫుల్ బుధవారం నుంచి శనివారం దాకా తిండీ నీళ్లూ లేకుండా చీకటి కొట్లో పడి ఉంటారు. రాక్షసుడు కొడతాడు, చచ్చిపొమ్మని సలహా ఇస్తాడు. శనివారం అర్ధరాత్రి ప్రార్థన మొదలుపెడతారు. తెల్లవారబోతుండగా క్రిస్టియన్ ఉలిక్కిపడి, నా రొమ్మున వాగ్దానం అనే తాళంచెవి ఉందిగా అంటాడు! అన్నాళ్లూ అది అతని దగ్గరే ఉంది. బన్యన్ ఇక్కడ తాళాల గురించి రాసిన తీరు నాకు చాలా ఇష్టం. కొట్టు తలుపు సులువుగా వచ్చేస్తుంది. రెండోదీ అంతే. బయటి ఇనుప గేటు తాళం మాత్రం మొరాయిస్తుంది, తిరగడానికి చచ్చేంత కష్టమవుతుంది. తెరుచుకుంటూ పెద్దగా కిర్రుమంటుంది, రాక్షసుడు లేస్తాడు. వాగ్దానం విముక్తినిస్తుంది అని చెప్పడమే పని అయితే ఈ మొరాయింపు అక్కర్లేదు. రచయిత కుండలకూ పళ్లేలకూ మాట్లు వేసే కంచరి పనివాడు, తండ్రిదీ అదే వృత్తి. ఇనుము సంగతి ఆయనకు చేతులతో తెలుసు. అనుమతి లేకుండా బోధించినందుకు 1660 నుంచి 1672 వరకు బెడ్‌ఫర్డ్ జైల్లో ఉన్నాడు కాబట్టి తలుపుల సంగతీ తెలుసు. పుస్తకం మొదట్లో ఆయన నిద్రపోయి కలగన్న గుహకు ఎదురుగా మార్జిన్‌లో 'జైలు' అనే రాసుకున్నాడు.

వాగ్దానం అనే మాట గురించి మీకొక విషయం పనికొస్తుంది. తెలుగు క్రైస్తవ సంఘాల్లో కొత్త సంవత్సరం ఆరాధనలో చాలామంది వాగ్దానం కార్డు తీసుకుంటారు. దాని మీద ఆ ఏటికి ఒక బైబిలు వాక్యం ఉంటుంది, దాన్ని బైబిల్లో దాచుకుంటారు. మీకు తెలిసిన క్రైస్తవ స్నేహితుల్ని అడిగి ఒకటి చూడండి. వాగ్దానాన్ని దగ్గర ఉంచుకోవడమంటే ఏమిటో వాళ్ల మాటల్లో వినండి.

చివరి పేజీ సంగతి. ఇగ్నొరెన్స్ అనే వాడు వంతెన లేని నదిని పడవలో సులువుగా దాటి ద్వారం దాకా వచ్చేస్తాడు. పత్రం ఏదని అడుగుతారు. రొమ్ము తడుముకుంటాడు, ఏమీ ఉండదు. కాళ్లూ చేతులూ కట్టి తీసుకుపోతారు. ఆఖర్న ఇంత కటువైన ముగింపేంటని మా క్లాసులో ఏటా గొడవే. ఒక అమ్మాయి, "మా అమ్మమ్మ ముఖ్యమైనవన్నీ కొంగున ముడేసుకుంటుంది. ఊళ్లోకి వెళ్లేటప్పుడు చూసుకోదు, తిరిగొచ్చాక చూసుకుంటుంది. వీడికి ఆ ముడే లేదు సార్" అంది. పత్రం, తాళంచెవి, ఖాళీ రొమ్ము వరుసగా చూసినవాళ్లకు ఆ ముగింపు కటువుగానే ఉంటుంది, కానీ హఠాత్తుగా వచ్చినట్టు మాత్రం అనిపించదు. పోలిక కోసం బురదగుంటకో, లోకంలోని సుఖాలన్నీ అమ్మే మాయా సంతకో ఇలాగే దారి పట్టి చూడండి. అన్నీ ఇంత దూరం రావు. సంత గొప్ప ఘట్టమే, అయినా అందులోని వస్తువులు తర్వాతి కథలోకి పెద్దగా ప్రయాణించవు. ఆ తేడా కూడా రాయండి, మంచి పాయింటు అవుతుంది.

పేర్లలో అర్థం చెప్పని కథ ఒకటి పక్కన పెడితే ప్రాజెక్టు బలపడుతుంది. టాల్‌స్టాయ్ 1885లో రాసిన చిన్న కథ 'ప్రేమ ఉన్నచోట దేవుడున్నాడు' చూడండి. చెప్పులు కుట్టే మార్టిన్ నేలమాళిగ గదిలో ఉంటాడు. కిటికీలోంచి దారినపోయేవాళ్ల కాళ్లే కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కల బూట్లు చాలావరకు అతను బాగుచేసినవే కాబట్టి బూట్లను బట్టి మనిషిని గుర్తుపడతాడు. రేపు వస్తానని క్రీస్తు స్వరం వినిపించిన మర్నాడు మాత్రం, తెలియని బూట్లు కనబడితే చాలు, వంగి మొహం కూడా చూస్తుంటాడు. రూపకమంటూ అక్కడ ఎవరూ చెప్పరు, అది అతని పని, అతని కిటికీ. కానీ కాళ్ల నుంచి మొహానికి చూపు ఎత్తడమే ఆ కథ ప్లాటంతా.

బైబిలు విషయంలో భయపడకండి. బన్యన్ మార్జిన్లలో వాక్యాల రిఫరెన్సులు తనే ఇచ్చాడు. అవి ఉన్న ప్రతే తీసుకోండి, సంక్షిప్త ప్రతుల్లో చాలాసార్లు తీసేస్తారు. మీరు రాసే ఘట్టానికి సంబంధించినవి మాత్రం తెలుగు బైబిల్లో తీసి చదివితే చాలు. టాల్‌స్టాయ్ కథకు మత్తయి 25, లూకా 6, 7 అధ్యాయాలు చదవండి. 1678లో వచ్చిన మొదటి భాగం వరకే ప్రాజెక్టును పరిమితం చేసుకోండి. 1684 నాటి రెండో భాగంలో క్రిస్టియన్ భార్యాపిల్లలు గుంపుగా వెళ్తారు, ప్లాట్ తీరే వేరు, దానికి ఇంకో ప్రాజెక్టు కావాలి.