జంటల లెక్క

హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. డ్రెసాజ్‌లో, అంటే రౌతు సైగలకు గుర్రం లయగా అడుగులేసి చూపే పోటీలో, జాతీయ హై పెర్ఫార్మెన్స్ ప్రోగ్రామ్ బాధ్యత నీకు అప్పగించారని తెలిసిన రోజు మీ పిన్నికీ నాకూ సంతోషంతో నిద్ర పట్టలేదు. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు కదా, చెబుతాను.

ముందు ఒక జాబితా రాసుకో. అందులో ఉండాల్సింది రౌతుల పేర్లు కాదు, రౌతూ గుర్రమూ కలిసిన జంటల పేర్లు. ఎంత మంచి రౌతైనా గుర్రం కుంటిందంటే ఆ వరస ఖాళీయే. ఎనిమిదేళ్లు నిండని గుర్రాన్ని డ్రెసాజ్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన గ్రాండ్ ప్రీలో దింపకూడదు. ఉన్నచోటే లయగా అడుగులేసే పియాఫ్, కాళ్లు ఎత్తెత్తి ముందుకు సాగే పసాజ్ కుదరడానికి ఏళ్లు పడతాయి. అంటే వచ్చే ఒలింపిక్స్ గుర్రాన్ని ఇవాళ వెతకడం మొదలుపెడితే ఇప్పటికే ఆలస్యమైనట్టు.

హాంగ్‌జౌ ఆసియా క్రీడల స్వర్ణం గుర్తుందిగా? 2023లో మనవాళ్లు 209.205 మార్కులు తెచ్చారు. అనూష్ అగర్వాలా 71.088, హృదయ్ ఛేడా 69.941, దివ్యకృతి సింగ్ 68.176. నలుగురిలో మొదటి ముగ్గురి మార్కులే కలిపారు కాబట్టి సుదీప్తి హజేలా తెచ్చిన 66.706 లెక్కలోకి రాలేదు. అయినా ఆ నాలుగో జంట జట్టుకు పెద్ద ధీమా. ఒకరికి పొరపాటు జరిగినా జట్టు నిలబడుతుంది. ఒలింపిక్స్‌లో జట్టుకు ముగ్గురే, ముగ్గురి మార్కులూ కలుస్తాయి. అక్కడికి ఎప్పుడూ ఒకేలా చేసే జంటలనే తీసుకెళ్లు. జంటలను ఎలా ఎంచుకుంటావో ఆ నియమాలు సీజన్ మొదలవకముందే రాసి అందరికీ ఇవ్వు. మధ్యలో మార్చావంటే పిల్లలకు నీ మీద నమ్మకం పోతుంది.

మలక్‌పేట రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్‌ జాతి గుర్రాల మీదే కదా నువ్వు కూర్చోవడం నేర్చుకున్నావు! పెద్ద పోటీలకు యూరప్ వార్మ్‌బ్లడ్‌ జాతి గుర్రాలు కావాలి, నిజమే. కానీ లయ, సడలింపు, రౌతు చేతికీ గుర్రం నోటికీ మధ్య కళ్లెం మీది మెత్తని స్పర్శ, ఇవి ఇక్కడి పిల్లలకు ఇక్కడి గుర్రాల మీదే నేర్పించు. యూరప్‌కు పంపడం ఆ తర్వాతి మాట.

ఇక ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. నా చేతిలో ఒక ఆడగుర్రం ఉండేది. పోటీకి పది రోజులుందనగా దాన్ని చూసుకునే సైస్ వచ్చి, "సాబ్, మేత వదిలేస్తోంది, ఎడమ ముందుకాలు సరిగా ఆనించడం లేదు" అన్నాడు. పోటీ టెన్షన్‌లో నేను వినలేదు. ఇంకా ఎక్కువ పని చేయించాను. కాలి టెండన్ (స్నాయువు) దెబ్బతింది. అది మళ్లీ పోటీలో అడుగుపెట్టలేదు. తప్పు పూర్తిగా నాదే. అందుకే సైస్ చెప్పిన మాట రోజూ రిజిస్టర్‌లో రాయించు. గుర్రాన్ని దింపవద్దని దాని డాక్టర్ అంటే నువ్వైనా సరే ఆ మాట మార్చకూడదని నీ మీద నువ్వే నియమం పెట్టుకో.

కోచ్‌ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు.

ఈసారి వచ్చేటప్పుడు ఒక్కో జంట చివరి మూడు పోటీల వీడియోలు, జడ్జీల షీట్లు పట్టుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ బాబాయి