మబ్బు పేలుతుందా?

సందేహం: వానాకాలం వస్తే చాలు, వార్తల్లో ‘క్లౌడ్ బరస్ట్’, ‘మేఘ విస్ఫోటం’ అని తెగ రాస్తున్నారు. మబ్బు నిజంగా పేలుతుందాండీ? మన ‘కుంభవృష్టి’ అంటే సరిపోదా?

సమాధానం: పేలదండీ. మబ్బంటే నీళ్లు నింపిన తిత్తి అనీ, అది చిట్లితే నీళ్లన్నీ ఒక్కపెట్టున కింద పడతాయనీ పూర్వం ఐరోపావాళ్లు ఊహించుకున్నారు. ఆ ఊహే మాటలో మిగిలిపోయింది. మనం ‘ఆకాశానికి చిల్లు పడింది’ అనడం లేదూ, ఇదీ ఆ బాపతే. నిజానికి జరిగేది వేరు. తేమగాలి కొండవాలుకు తగిలి జోరుగా పైకి లేస్తుంది. ఆ ఊపు చినుకుల్ని కాసేపు పడనివ్వదు. బరువు మోయలేని స్థితి రాగానే వాన అంతా ఒకేచోట దిగుతుంది. హిమాలయాల్లో ఈ మాట ఎక్కువగా వినపడేది అందుకే.

కుంభవృష్టికి కొలత లేదు, గొడుగు ఆగకపోతే ఎవరైనా అనేయొచ్చు. క్లౌడ్ బరస్ట్‌కు ఉంది. మన వాతావరణ శాఖ లెక్కలో సుమారు 20–30 చదరపు కిలోమీటర్ల మేర గంటలో 100 మిల్లీమీటర్లు, ఆపైన కురవాలి. 20 చదరపు కిలోమీటర్లే అనుకున్నా 200 కోట్ల లీటర్లు, అంటే టీఎంసీలో పద్నాలుగో వంతు, గంటలో!

కాబట్టి రోజంతా దంచికొట్టినా అది క్లౌడ్ బరస్ట్ కానక్కర్లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు నోట వచ్చాక ఈ మాట మన ఊళ్లలో బాగా నలిగింది. ఆ వరద మాత్రం పరీవాహక ప్రాంతంలో రోజుల తరబడి కురిసిన వానది. దాన్ని కుండపోత అనండి, జడివాన అనండి, తప్పులేదు.

‘విస్ఫోటం’ నాకు అంతగా రుచించదు. అణుబాంబుకూ అగ్నిపర్వతానికీ వాడే మాట కావడంతో చదివేవాళ్లకు నిప్పూ చప్పుడూ తోస్తాయి. ఇక్కడి ‘బరస్ట్’ పైపు పగిలినట్టు, చెరువు తెగినట్టు. అయినా మాట పాతుకుపోయింది, కొలత సరిపోయినచోట వాడుకోండి. రాసేటప్పుడు మాత్రం ‘విస్పోటం’ కాదు, సకారం కింద ఫ వత్తు. స్ఫుటం, స్ఫోటకం ఉన్న ధాతువే ఇదీ.